తోలేముందు లెక్క

పోయిన శనివారం మధ్యాహ్నం మూడింటికి, ఏలూరులో మా హైస్కూలు వరండాలో నిలబడి, చేతిలో ఫోను నేలకేసి కొట్టబోయి ఆగిపోయాను. ఆగింది శాంతమూర్తినై కాదు. అది మా ఆవిడ తను కొత్తది కొనుక్కుని నాకు దయచేసిన పాత ఫోను గనక, దాన్ని పగలగొడితే నా ఎముకల్లో ఎన్ని మిగులుతాయో తెలియక. సంగతేమిటంటే, ఈ ఏడు ప్రతి హైస్కూల్లోనూ పర్యావరణ సంఘం ఉండి తీరాలని, అందులో ముప్ఫై మంది పిల్లలు చేరి తీరాలని, వాళ్ళు ప్రతి శనివారం కూర్చున్నట్టు ఫొటో తీసి పంపి తీరాలని పైనుంచి కాగితం వచ్చింది. నేను తెలుగు మాస్టార్ని. కాగితం ఏదొచ్చినా అందులో మాటలు లెక్కపెట్టడం నా రోగం. ఆ కాగితంలో 'తీరాలి' పదకొండుసార్లు ఉంది. 'మొక్క' ఒక్కసారి కూడా లేదు. ఆ వేళ నా సంఘానికి వచ్చినవాళ్ళు ఐదుగురు. ఐదుగుర్నీ గోడ దగ్గర నిలబెట్టి ఫొటో తీస్తే, "ముఖాలు చాలవు. మళ్ళీ ప్రయత్నించండి" అంది ఫోను. మళ్ళీ తీశాను. మళ్ళీ చాలవంది. పదమూడోసారికి వాళ్ళలో ఒకడు దవడలు పట్టుకుని, "మాస్టారండీ, ఇంకా నవ్వాలాండి?" అని ఏడుపు గొంతుతో అడిగాడు.

పక్క గదిలోంచి మా లెక్కల మాస్టారు వచ్చారు. ఆయనది చింతలపూడి వైపు మెరక ప్రాంతం. మనిషి ఎండకి ఎండి, ఏ విషయంలోనూ తడి లేకుండా మాట్లాడతారు. "ఎందుకండీ ఈ కంఠశోష? ఎనిమిది 'బి'ని మొత్తం తోలుకొచ్చి నిలబెట్టండి. క్లిక్కుమనిపించండి. మళ్ళీ క్లాసుకి తోలెయ్యండి. నా లెక్కల సంఘం అలాగే నడుస్తోంది కదండీ. జిల్లాలో కల్లా చురుకైన సంఘమని మెచ్చుకుంటూ కాగితం కూడా వచ్చింది" అన్నారు. అనడమే కాదు, ఆ మహోపకారి నా మాటకోసం ఆగకుండా వెళ్ళి ఎనిమిది 'బి'ని తోలుకొచ్చేశారు కూడా. ముప్ఫై ఎనిమిది మంది మూడు వరసల్లో సర్దుకుని, దేనికో తెలియకుండానే పళ్ళన్నీ బయటపెట్టారు. నేను ఫోను ఎత్తాను. వేలు బొత్తాం మీద పెట్టాను. అప్పుడు మొదటి వరసలో రెండు జడల పిల్ల ఒకతి, నవ్వు చెదరకుండానే, "మాస్టారండీ, ఇదేం సంఘమండి?" అంది.

నాకు కోపం వచ్చింది. నా కోపం ఎలాంటిదంటే, అది వచ్చినప్పుడు మా వీధి మొత్తం మీద కాగుతున్న పాలు విరిగిపోతాయని మా అత్తగారు బంధువులందరికీ చెబుతుంటారు. "పొండి, అందరూ క్లాసుకి పొండి!" అని నేనరిచిన అరుపుకి మేడమీద నీళ్ళ ట్యాంకు పొంగిపొర్లింది. పిల్లలు పారిపోయారు. లెక్కల మాస్టారు, "మీ మంచికే చెప్పానండీ" అని ముడుచుకుపోయారు. ఆయన మీద కాదు నా కోపం. ఫోను మీదా కాదు. ఆ పదకొండు 'తీరాలి'లు రాసినవాళ్ళ మీద కొంచెం ఉంది గాని, అది చిల్లర కోపం. అసలు కోపం ఏడేళ్ళ పాతది. ఏడేళ్ళుగా నా చొక్కాలే తొడుక్కుంటూ, నా కళ్ళజోడే పెట్టుకుని తిరుగుతున్న ఒక పెద్దమనిషి మీద అది.

ఏడేళ్ళ కిందట నేను కైకలూరుకి ఇవతల, కొల్లేటి అంచున ఒక ఊరి హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. అక్కడ నేల అనేది లేదు. చెరువుకీ చెరువుకీ మధ్య దేవుడు మర్చిపోయిన గట్లున్నాయి. జనం వాటి మీదే పుట్టి, పెళ్ళిళ్ళు చేసుకుని, చేపలకి మేతలేసి, ఆ గట్ల మీదే ముసలివాళ్ళవుతారు. ఏలూరు నుంచి రోజూ బస్సు. తెల్లారే గడ్డం గీసుకుని ఆ బస్సెక్కితే, స్కూలు దగ్గర దిగేసరికి పిల్లలు నన్ను మునీశ్వరుడనుకుని దణ్ణాలు పెట్టేవారు. చేపల మేత వాసన, ఐసు లారీల నీళ్ళు, రొయ్యల బుట్టలు, వీటన్నిటి మధ్య ఇత్తడి టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని నేను. మధ్యాహ్నం మూత తీస్తే అన్నం ఎంత చల్లగా ఉండేదంటే, ఐసు ఫ్యాక్టరీవాళ్ళు చూస్తే కొనుక్కునేవారు. అందుకే చేరిన మర్నాడే ఏలూరుకి బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాను. దాని మీద మా హెడ్మాస్టారు సిఫార్సు సంతకం చేస్తే గాని కదలదు. ఆ కాగితం ఆయన బల్ల మీద, గాజు బరువు కింద పడి ఉండేది. దాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. ఈ కథలో విలన్ ఆ కాగితమే అని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ స్కూల్లో పక్షుల సంఘం ఒకటుండేది. దాన్ని చూసుకునే సైన్సు టీచరుగారు పురిటికి వెళ్ళారు. స్టాఫు మీటింగులో హెడ్మాస్టారు, "పక్షుల సంఘం ఎవరు చూస్తారండీ?" అనగానే అందరూ ఒక్కసారిగా పైకప్పులో దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నా ఖర్మం కాలి నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. "మన తెలుగు మాస్టారు చూస్తూనే ఉన్నారు కదండీ పక్షుల్ని" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. అలా నేను పక్షి శాస్త్రజ్ఞుణ్ణయ్యాను. నాకు తెలిసిన పక్షులు మూడు: హంస, చకోరం, చక్రవాకం. మన కావ్యాల్లో ఉన్న పక్షి ఒక్కటీ కొల్లేట్లో లేదు, కొల్లేట్లో ఉన్న పక్షి ఒక్కటీ మన కావ్యాల్లో లేదు. మొదటి శనివారం ఆకాశంలో పెద్ద తెల్లటి పిట్ట పోతుంటే, "చూశారా, రాజహంస!" అన్నాను ఆవేశంగా. "గూడబాతండి అది. చేపల దొంగండి" అంది వెనకనుంచి ఒక గొంతు, చాలా మర్యాదగా.

ఆ గొంతు మా సంఘం అధ్యక్షురాలిది. తొమ్మిదో తరగతి. కైకలూరు రోడ్డు మీద చేపల మేత కొట్టు నడిపే శెట్టిగారి అమ్మాయి. మనిషి నా టిఫిన్ క్యారియర్ అంత ఉండేది గాని, జడలు మాత్రం లంగరు తాళ్ళలాగా ఉండేవి. రిజిస్టరులో ఇరవై ఆరు పేర్లున్నాయి. వచ్చింది ముగ్గురు. అందులో ఇద్దరు డ్రిల్లు ఎగ్గొట్టడానికి వచ్చినవాళ్ళు; రెండో వారం డ్రిల్లు మాస్టారికి జ్వరమొస్తే వాళ్ళూ రాలేదు. అయినా ఆ పిల్ల లేచి నిలబడి, రిజిస్టరు తెరిచి, ఖాళీ బెంచీలకేసి చూస్తూ ఇరవై ఆరు పేర్లూ పిలిచింది. ఊరికే గడగడా చదవడం కాదు. ఒక్కొక్క పేరూ పిలిచి, జవాబు వస్తుందేమోనని ఆగి, రాకపోతే గుర్తు పెట్టి, తర్వాత పేరు. పక్క గదిలో ఎవరో దగ్గితే కూడా తలెత్తి చూసేది. నాకు ఒళ్ళు మండింది. "లేనివాళ్ళని పిలవడమెందుకమ్మా, గాలికి హాజరు వెయ్యడం కాకపోతే?" అన్నాను. "పిలవాలండి. పిలవడం మానేస్తే వాళ్ళు నిజంగానే లేనట్టయిపోతారు కదండి" అంది. తొమ్మిదో తరగతి పిల్ల నోట అంత మాట వినవలసి వచ్చినందుకు కూడా నాకు కోపమే వచ్చింది.

పిల్లలు ఎందుకు రారు? ఆ మాట వాళ్ళ నాన్నగారే వచ్చి చెప్పారు. శెట్టిగారు పెద్దమనిషి, తెల్లటి పంచె, నుదుట బొట్టు, నెమ్మదైన మాట. కొల్లేటివాళ్ళు తిట్టినా ఆశీర్వదించినట్టే ఉంటుంది. "ఏవండీ మాస్టారూ, తమరు పక్షుల్ని లెక్కెట్టిస్తున్నారంట. చాలా సంతోషమండి. నేను నా కొట్లో పక్షుల్ని తోలడానికి వలలు అమ్ముతానండి, టపాకాయలు అమ్ముతానండి, డబ్బాలు అమ్ముతానండి. నా కూతురేమో ఆ పక్షులకి అధ్యక్షురాలండి. ఊళ్ళో నన్నేమంటున్నారో తెలుసాండి? దొంగలకి మేనమామ అంటున్నారండి" అన్నారు. సంగతి నిజమే. రోజూ మధ్యాహ్నం పొద్దు వాలేసరికి గూడబాతులు దండులాగా చెరువుల మీద దిగుతాయి. ఒక్కొక్కదాని గొంతు కింద సంచీ ఎంత ఉంటుందంటే, అందులో మా ఇంటి బియ్యం, పప్పులు, మా అత్తగారి మందులతో సహా పడతాయి. ఆ వేళకి ప్రతి ఇంటి పిల్లలూ గట్టెక్కి డబ్బాలు వాయించాలి. సరిగ్గా ఆ వేళకే మా సంఘం. అంటే మేము పిల్లల్ని పిలుస్తున్నది వాళ్ళ శత్రువు జాతకం రాయడానికి, వాళ్ళు యుద్ధంలో ఉన్న సమయానికి. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు మన విద్యాశాఖ చరిత్రలో ఇంకొకటి ఉండదు.

హెడ్మాస్టారు మాత్రం తేల్చి చెప్పేశారు: గదిలో పదిమంది కనబడకపోతే సంఘం ఎత్తేస్తాం, ఆ గది ఇంజనీరింగు పరీక్షల పునాది క్లాసుకి ఇచ్చేస్తాం అని. తొమ్మిదో తరగతి పిల్లలకి పునాది ఏమిటో, అంతవరకూ వాళ్ళు గాల్లో వేలాడుతున్నారో ఏమో నాకు తెలియదు. నేను భయపడి ఒక పాపం చేశాను. శనివారం శనివారం పునుగులు వేయించి తెప్పించాను. మొదటి వారమే సంఘానికి నలభై ఒక్కమంది వచ్చారు. మా రిజిస్టరులో లేనివాళ్ళు వచ్చారు, మా స్కూల్లో లేనివాళ్ళు వచ్చారు, ఒక మేక వచ్చింది. హెడ్మాస్టారు గుమ్మంలోంచి చూసి కళ్ళు తుడుచుకున్నారు. "ఈ వారం ఏం పక్షిని చూశారర్రా?" అని ఆయన అడిగితే ఒకడు నోటినిండా ఉండడంవల్ల జవాబు చెప్పలేక పొట్లం ఎత్తి చూపించాడు. మూడో వారం అధ్యక్షురాలు పొట్లాలన్నీ తీసుకెళ్ళి బయట అరుగుమీద పెట్టేసింది. పదిహేను క్షణాల్లో గది ఖాళీ. "మాస్టారండీ, ఏమనుకోకండి. పునుగుల సంఘం కావాలంటే వేరే పెట్టుకుందామండి. నేను అందులో కూడా చేరతాను" అంది. నేను మేకతో పాటు బయటికి నడిచాను.

ఆ కోపంలోనే ఆ పై శనివారం, రాని పిల్లలందర్నీ చెవులు పట్టుకుని లాక్కొద్దామని బయల్దేరాను. వెనకే ఆమె, చంకలో రిజిస్టరు. కొల్లేటికోట దారిలో మొదటి చెరువు గట్టు మీదే దొరికాడొకడు, మా రిజిస్టరులో ఏడో పేరు. మెళ్ళో రేకు డబ్బా, చేతిలో కర్ర. ఆరు వారాలుగా రాలేదు. "సంఘానికెందుకు రావురా?" అని గర్జించాను. నా గర్జనకి అవతలి గట్టు మీద కొంగలు లేచిపోయాయి గాని వాడు కదల్లేదు. "నేను సంఘానికొస్తే గూడబాతులు చెరువుకొస్తాయండి" అన్నాడు. నేను చెవి కోసం చెయ్యి చాచేలోపు ఆమె అడిగింది: "ఎన్నొస్తాయిరా?"

వాడు ఆలోచించను కూడా లేదు. "నిన్న ముప్ఫై తొమ్మిది. నాలుగు నీటికాకులు. మొన్న గూడబాతులు ఇరవై ఏడు. అందులో ఒకదానికి కుడికాలు కుంటు. అది ఎప్పుడూ ఆ మూల తూము దగ్గరే దిగుద్ది. డబ్బా వాయించినా ముందు లేవదు, నాకేసి చూసి అప్పుడు లేస్తది. బాగా పొగరే దానికి."

నేను చెయ్యి దించేశాను. హంస, చకోరం, చక్రవాకం చదువుకున్న నేనూ, పక్షి కుంటుకాలు కూడా గుర్తుపట్టే వీడూ! సంఘంలో గైర్హాజరు ఎవడు? ఆమె గట్టు మీదే కూలబడి రిజిస్టరు తెరిచింది. "అయితే ఒక పని చెయ్యరా. తోలేముందు లెక్కపెట్టు. లెక్కపెట్టాకే తోలు. ఆ లెక్క చీటీ మీద రాసి సోమవారం నాకివ్వు" అంది. "దానికేముందే, నిమిషం ఆగి తోలితే సరి" అన్నాడు వాడు. అంతే. మా సంఘం అసలు పుట్టింది ఆ గట్టు మీద, ఆ నిమిషంలో.

నిమిషం అంటే తేలికనుకునేరు. ఊళ్ళో పెద్దవాళ్ళు లేచారు. శెట్టిగారు మళ్ళీ స్కూలుకి వచ్చి, కూతురి ఎదుటే, "నిమిషం ఆగితే ఒక్కొక్క గూడబాతు ఒక్కొక్క చేపని మింగేస్తదండీ. ఆ చేప ఎవరిదండీ?" అన్నారు. ఆ పిల్ల తలొంచుకుని, "సంఘం చందా అనుకోండి నాన్నా" అంది. శెట్టిగారు నాకేసి చూశారు. నేను ఆయనకేసి చూశాను. ఆయన మీసం కింద నవ్వు ఒకటి, బయటికి రావాలా వద్దా అని చాలాసేపు తచ్చాడి, చివరికి వచ్చింది. మర్నాటినుంచి ఆయన కొట్లో వల కొన్నవాళ్ళకి తెల్ల చీటీ ఒకటి చుట్టి ఇచ్చేవారట, "పిల్లలకివ్వండి, తోలేముందు రాసుకోమనండి" అని.

రెండు నెలల్లో రిజిస్టరులో ఉన్న ఇరవై ఆరుగురిలో పందొమ్మిదిమంది లెక్క పంపేవాళ్ళు. సోమవారం పొద్దున్న మేత సంచుల చీటీల మీద, సిగరెట్టు పెట్టె అట్టల మీద రాసి తెచ్చేవారు; ఒకడైతే అరచేతి మీద రాసుకుని రెండ్రోజులు స్నానం మానేసి వచ్చాడు. ఆమె వాటన్నిటినీ గది గోడ మీద గీసిన చెరువుల పటంలో ఎక్కించేది. ఏ చెరువు మీద ఏ వారం ఏ పక్షి, ఎన్ని. ఆ పటం ముందు నిలబడితే నాకే కొల్లేరంతా రెక్కలు కొట్టుకుంటున్నట్టు వినబడేది. శనివారం మాత్రం గదిలో ఎవరూ ఉండేవారు కాదు. ఉండరు కదండీ! శనివారం మధ్యాహ్నం సంఘం అంతా గట్ల మీద ఉండేది. సమావేశం గదిలోనే జరగాలని రూలు గనక, ఆమె ఒక్కతే గదిలో నిలబడి ఇరవై ఆరు పేర్లూ పిలిచి, ఆగి, పిలిచి, ఆగి... నేను కుర్చీలో కూర్చుని ఆ ఖాళీలో డబ్బాల చప్పుడు దూరంగా వినేవాణ్ణి. అదే జవాబు.

అలాంటి ఒక శనివారం హెడ్మాస్టారు వచ్చారు. చేతిలో తాళంకప్ప. అది నా తలకాయంత ఉంది. చెడ్డవాడు కాదాయన, చెడ్డవాడైతే నాకు ఇప్పుడు ఎంత సుఖంగా ఉండేదో! బెంచీలు చూశారు, నన్ను చూశారు, ఆ పిల్లని చూశారు. "ఒక్కరేనా?" అన్నారు.

"అందరూ వచ్చారండి" అంది ఆమె.

"ఎక్కడికమ్మా?"

"చెరువుల మీదకండి. అక్కడే లెక్కెడుతున్నారండి. ఇదిగోండి పటం."

హెడ్మాస్టారు నవ్వారు. వెక్కిరింపు కూడా కాదు, ముద్దొచ్చి నవ్వారు. నాకేసి తిరిగి, "ఏం మాస్టారూ, నిజమేనాండీ?" అన్నారు. అడిగాక, ఊరికే, ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నట్టు మీ కాగితం ఇవాళే చూశానండీ. సోమవారం సంతకం పెట్టేద్దాం" అన్నారు.

నేను పైకి చూశాను. ఫ్యాను తిరగడం లేదు. తిరగని ఫ్యానుకి మూడు రెక్కలుంటాయని, ఒక రెక్క కొంచెం వంకరగా ఉందని, దాని మీద సాలెగూడు ఉందని అంత శ్రద్ధగా గమనించిన పక్షి శాస్త్రజ్ఞుడు లోకంలో లేడు. నోట్లో 'నిజమేనండి' అన్న మాట పెదవుల దాకా వచ్చింది. దాన్ని వెనక్కి మింగాను. గూడబాతు చేపని మింగినట్టు గుటుక్కున మింగాను. "పిల్లలు కదండీ... ఏదో ఉత్సాహం..." అన్నాను.

ఆయన తల ఊపారు. పటం మీద అప్పుడే పునాది క్లాసు టైం టేబులు అతికించేశారు. మేము బయటికొచ్చాం. తాళం పడింది. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే ఓదార్చి, నేను మంచివాణ్ణయిపోదామని కూడా అనుకున్నాను. ఏడవలేదు. రిజిస్టరు చంకలో పెట్టుకుని, అంత మర్యాదగానూ, "మీరు చెప్తారనుకున్నానండి" అంది. వెళ్ళిపోయింది. గట్ల మీదనుంచి డబ్బాలు మోగుతూనే ఉన్నాయి. సంఘం ఎత్తేశారని వాళ్ళకింకా తెలియదు.

సోమవారం సంతకం అయింది. నెలకి ఏలూరు వచ్చేశాను. ఏడేళ్ళుగా మధ్యాహ్నం ఇంటికెళ్ళి వేడన్నం తింటున్నాను. ముద్ద ముద్దకీ పొగలు వస్తాయి. ఆ పొగలో నాకు నా మొహమే కనబడి, అప్పుడప్పుడు కంచం ముందు కూర్చునే పళ్ళు నూరుతుంటాను. మా ఆవిడ రాళ్ళేమో అనుకుని బియ్యం రెండోసారి ఏరుతుంది.

ఎనిమిది 'బి'ని తరిమేసిన తర్వాత సోమవారం నుంచి శుక్రవారం దాకా నాకు నిద్ర లేదు, అంటే పగలు క్లాసులో కూడా. శుక్రవారం నా ఐదుగుర్నీ పిలిచి, "రేపు ఎవరూ స్కూల్లో ఆగక్కర్లేదు. ఎవరింటి దగ్గర వాళ్ళు గంటసేపు కూర్చుని ఏ పిట్ట కనబడితే ఆ పిట్టని లెక్కపెట్టండి. అది రాసి ఫోన్లో పంపండి" అని చెప్పి, మర్నాడు సెలవు పెట్టి కైకలూరు బస్సెక్కాను. బస్సు మారలేదు. వాసన మారలేదు. మేత కొట్టు మాత్రం రెండంతస్తులైంది. శెట్టిగారి మీసం తెల్లబడింది. "రండి రండి మాస్టారూ! ఎన్నాళ్ళకండీ! అమ్మాయి తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి చదువుతోందండి. శనివారం శనివారం బస్సెక్కి వచ్చేస్తదండి. ఎందుకో తమరికి వేరే చెప్పాలాండి?" అన్నారు. చెప్పక్కర్లేదు. నాకు తెలిసింది. తెలిసి గట్టు దారి పట్టాను.

గట్టు మీద కూర్చుని ఉంది. జడలు ఒకటయ్యాయి, అంతే తేడా. ఒళ్ళో ఫోను, దాని పక్కన అదే రిజిస్టరు, పాత అట్టకి కొత్త అట్ట, దానికి ఇంకో అట్ట. "కూర్చోండి మాస్టారండీ, మధ్యలో ఉన్నాను" అని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని పేర్లు పిలుస్తోంది. పేరు పిలిచి, ఆగి, అవతలనుంచి గొంతు: ఒకడు ఐసు లారీ తోలుతూ, ఒకడు సొంత చెరువు మీదనుంచి, పెళ్ళై కొల్లేటికోట వెళ్ళిన అమ్మాయి ఒకతి పెరట్లోనుంచి. 'హాజరు' అని ఎవరూ అనరు. లెక్క చెబుతారు. "పన్నెండు గూడబాతులు, ఆరు కొంగలు." రాస్తుంది. తర్వాత పేరు. ఏడో పేరువాడు, "కుంటిది పోయిందే. దాని పిల్లేమో, అదే మూల దిగుతోంది. అదే పొగరు" అన్నాడు. నేను చెరువుకేసి చూస్తూ కూర్చున్నాను.

ఇరవై ఆరూ అయ్యాయి. రిజిస్టరు మూసేస్తుందనుకున్నాను. మూయలేదు. ఫోను కింద పెట్టి, తలెత్తకుండా, చివరి వరసలో వేలు పెట్టి, "తెలుగు మాస్టారు" అని పిలిచింది. ఆగింది.

వంగి చూశాను. ఇరవై ఏడో పేరు నాది. ఏడేళ్ళ శనివారాలు, గళ్ళు గళ్ళుగా, పేజీలు పేజీలుగా. అన్ని గళ్ళలోనూ గైర్హాజరు గుర్తు. ఒక్క వారం కూడా పిలవడం మానలేదు.

"ఉన్నాను కదమ్మా" అన్నాను. గొంతు నాది కాదు, మేకది.

"ఉన్నారండి. లెక్కెట్టలేదు కదండి" అంది, మెళ్ళో వేసుకునే రేకు డబ్బా నా ముందు పెడుతూ.

లేచాను. కళ్ళజోడు తుడుచుకున్నాను. పదకొండు అన్నాను. "మళ్ళీ చూడండి." మళ్ళీ చూశాను, నీళ్ళు చిమ్మే చక్రం చాటున ఇంకొకటి ఉంది. పన్నెండు. "ఇప్పుడు తోలండి" అంది. డబ్బా వాయించాను. ఏడేళ్ళనాటి ఆ తాళంకప్ప మీద వాయించినట్టు వాయించాను. కైకలూరు సంతలో బేరాలు ఆగిపోయి ఉంటాయి. పన్నెండూ లేచాయి. లేచి, నా మొహం మీదనుంచే, ఏమాత్రం తొందర లేకుండా పక్క చెరువుకి పోయాయి.

అప్పుడే ఏలూరునుంచి నా ఐదుగురి లెక్కలు వచ్చాయి. మాంసం కొట్టు మీద కాకులు ఒకడివి, తమ్మిలేరు గట్టున కొంగలు ఒకడివి, ఇంకో ఇద్దరివి పావురాలు, గోరింకలు. ఐదోవాడు నిద్రపోయాడట, ఆ మాటే నిజాయితీగా రాశాడు. ఫోన్లో పైవాళ్ళ ప్రశ్న మళ్ళీ వచ్చింది: ఫొటో ఎక్కడ, ముఖాలెన్ని, లేకపోతే కారణమేమిటి. కారణం గడిలో రాశాను: "నలుగురు వచ్చారు. గదికి కాదు." దాని కింద పిల్లల లెక్కలు చేర్చాను. పంపేశాను. ఏడేళ్ళు గొంతులో ఇరుక్కున్న చేప బయటికొచ్చింది. దానికి జవాబుగా రేపో మాపో నాకొక కాగితం వస్తుంది. అందులో 'తీరాలి' ఎన్నున్నాయో అదీ లెక్కపెడతాను.

బస్సుకి లేస్తూ రిజిస్టరులోకి తొంగిచూశాను. నా గడిలో 'పన్నెండు' అని ఉంది. పెన్సిలుతో.

"ఇంకుతో వెయ్యవా అమ్మా?"

"వచ్చే శనివారం కూడా వస్తే వేస్తానండి" అంది.

ఆమె మీద కూడా కోపం వచ్చింది, బస్సులో కుడివైపు సీట్లో కూర్చునేదాకా. తర్వాత పోయింది. వయసులో ఉన్నప్పుడు వారమంటే ఎంతో దూరం. ఈ వయసులో శనివారం అవతలి వీధిలోనే కాచుకుని ఉంటుంది, పిలవకుండానే వచ్చేస్తుంది. దాన్ని తోలేముందు లెక్కపెట్టుకోవడమే నాకింకా రావాలి.